మైపాడు ఇసుక మీద దారి ఎవరిది?

మైపాడు బీచ్‌లో దిగి ఉత్తరంగా నడక మొదలుపెడితే ఎంత దూరం పోగలం? కాళ్ల సత్తువ సంగతి అటుంచి, ముందు పెన్న మొగ అడ్డొస్తుంది. పడవవాడిని బతిమాలి అవతలి ఒడ్డున దిగితే ఊటుకూరు, రామతీర్థం. ఆ పైన ఇసకపల్లి ఉప్పుటేరు. తర్వాత జువ్వలదిన్నె, తుమ్మలపెంట, రామాయపట్నం, పాకల, కొత్తపట్నం. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరం కలిపితే సుమారు 270 కిలోమీటర్లు వస్తుంది. ఇంత తీరం ఉండి, నడవడానికని గుర్తించిన దారి ఒక్కటీ లేదేమని పర్యాటకం మీద మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అలా అడిగేవాళ్ల ఫోన్‌లో సాధారణంగా ఉత్తరాది చలి తీరాల ఫొటోలుంటాయి. స్కాట్లాండ్ ఉత్తర కొస, ఐర్లాండ్ ఉత్తర తీరం, అమెరికా వాయవ్యాన ఓరెగాన్. నల్లటి కొండచరియలు, కింద నురగ, పైన గడ్డిలో సన్నటి కాలిబాట.

వాళ్లకు కొండలున్నాయి, మనకు ఉత్త ఇసుకేగా అని సర్దుకుంటాం. కానీ ఆ దారుల పుట్టుక చూస్తే రాళ్లకు పెద్ద పాత్ర లేదు. తేడా కాగితాల దగ్గర వచ్చింది.

ఓరెగాన్ సంగతే చూడండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి తీరంలో సరైన రోడ్లు లేవు. ఆటు వేళ గట్టిపడిన ఇసుకే రోడ్డు. టపా బండ్లు, గుర్రబ్బండ్లు దాని మీదే పోయేవి. మరోపక్క ఒడ్డు ముక్కలు ముక్కలుగా అమ్ముడైపోతోంది. గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ దీనికొక చిట్కా కనిపెట్టాడు. పర్యావరణం, అందం, ప్రజల హక్కు అంటే శాసనసభలో ఎవరు వింటారు? కాబట్టి తీరమంతా ప్రజా రహదారి అని ఒక చిన్న బిల్లు పెట్టాడు. 1913లో అది చట్టమైంది. కొలంబియా నది మొగ నుంచి కాలిఫోర్నియా సరిహద్దు దాకా, పోటు తాకే గీతకూ ఆటు గీతకూ మధ్యనున్న తడి ఇసుక మొత్తం రోడ్డు కింద జమ అయింది. రోడ్డును ఎవరు కొనుక్కుంటారు?

చిక్కు పొడి ఇసుక దగ్గర వచ్చింది. 1966లో కానన్ బీచ్ అనే ఊళ్లో ఒక హోటల్ వాళ్లు తమ ముందున్న పొడి ఇసుక చుట్టూ దుంగలు అడ్డం పెట్టి, అది తమ అతిథులకే అన్నారు. ఊళ్లో గొడవ రేగింది. మరుసటి ఏడు గవర్నర్ టామ్ మెకాల్ సర్వేయర్లను వెంటబెట్టుకుని హెలికాప్టర్‌లో బీచ్ మీద దిగాడు. మొక్కలు మొలిచే గీత దాకా ఇసుక మీద జనానికి హక్కుందని 1967 చట్టం తేల్చింది. 1969లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. తెల్లవాళ్లు రాకముందు అక్కడి తెగలూ, వచ్చాక వలసదారులూ అడ్డూ ఆపూ లేకుండా ఆ ఇసుక వాడుకున్నారు, కనుక అది ఆచారంగా వచ్చిన హక్కు అంది. ఈ ఆచారం మాట గుర్తుంచుకోండి, మన దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

బ్రిటన్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అక్కడ నైరుతి తీరం వెంబడి దాదాపు వెయ్యి కిలోమీటర్ల కాలిబాటకు మూలం దొంగసరుకు. సుంకం ఎగ్గొట్టి బ్రాందీ, తేయాకు దించే పడవల్ని పట్టుకోవడానికి 1822లో కోస్ట్‌గార్డ్ ఏర్పడింది. దాని మనుషులు రేయింబవళ్లు ఒడ్డు వెంట గస్తీ తిరిగేవాళ్లు. ప్రతి సందులోకీ తొంగిచూడాలి కాబట్టి దారి కొండ అంచును వదలకుండా మెలికలు తిరిగింది. గస్తీ పోయినా బాట మిగిలింది. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కార్మికులు యజమానుల అనుమతి లేకుండా ఎక్కారు, అయిదుగురు జైలుకు పోయారు. అదీ, అలాంటి మరికొన్ని పోరాటాలూ కలిసి 1949లో కాలిబాటలను రికార్డులకెక్కించే చట్టం తెచ్చాయి. 2003లో స్కాట్లాండ్, ఎవరి నేల మీదైనా బాధ్యతగా నడిచే హక్కును రాసిచ్చింది. ఉత్తర కొసన జాన్ ఓ గ్రోట్స్ దాకా పోయే బాటను వాలంటీర్లు కంచెల మీద మెట్లు కట్టుకుంటూ వేయగలిగారంటే ఆ చట్టం అండ వల్లే. 2009లో ఇంగ్లండ్ తన తీరం చుట్టూ బాట వేయాలని చట్టం చేసుకుంది. అదే ఉత్తర ఐర్లాండ్‌లో అలాంటి హక్కు లేదు. అక్కడి దారి చాలా చోట్ల భూమి గలవాళ్ల దయ మీద నడుస్తుంది. తీరం చూస్తే ఏమీ తక్కువ కాదు.

ఇక మన వైపు. దారి లేని తీరం మనదేం కాదు. 1806లో బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరుకు తవ్వించిన ఉప్పునీటి కాలువ, అంచెలంచెలుగా పులికాట్ దాటి, నెల్లూరు తీరం వెంబడి పెదగంజాం దాకా వచ్చింది. 1876–78 కరువులో, మనవాళ్లు ధాత కరువు అని చెప్పుకునే ఆ కాలంలో, కూలి కోసం వచ్చిన జనం చేత ఈ కాలువ పనులు చేయించారు. అప్పటి గవర్నర్ పేరు మీద బకింగ్‌హామ్ కాలువ అయింది. దక్షిణాన మరక్కాణం దాకా మొత్తం 420 కిలోమీటర్లు. ఇందులో 257 ఆంధ్ర నేల మీదే.

కాలువ అంటే నీళ్లే గుర్తొస్తాయి గానీ, గాలి లేనప్పుడు పడవను కదిపింది మనుషులు. తాడు భుజానికి వేసుకుని గట్టు మీద వంగి నడుస్తూ లాగేవాళ్లు. ఉప్పు, ధాన్యం, కట్టెలు అలాగే మద్రాసు చేరాయి. అంటే సముద్రానికి దగ్గరలో, దానికి సమాంతరంగా, వందల కిలోమీటర్ల కాలిబాట సర్కారు ఖర్చుతో మనకూ ఉండేది. రైలు వచ్చాక పడవలు తగ్గాయి. 1965, 66 తుపాన్లు కాలువ నడుము విరిచాయి. పూడిక నిండింది, గట్లు చాలా చోట్ల తెగిపోయాయి. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. అది పడవల కోసం చేసిన పని. గట్టు మీద నడిచేవాడి ఊసు అందులో లేదు.

కోస్ట్‌గార్డ్ గస్తీకి జోడు కూడా మన తీరంలో ఉంది. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పును సర్కారు తన గుత్తకు తీసుకుంది. దొరువుల్లో, కయ్యల్లో దానంతటదే పేరిన ఉప్పును పిడికెడు తీసుకున్నా నేరమే. కాపలాకు ఉప్పు బంట్రోతులు. కనపర్తి కొఠార్ల చుట్టుపక్కల వాళ్లకు ఈ జ్ఞాపకం తాతల మాటల్లోంచి వచ్చిందే. 1930లో గాంధీ సబర్మతి నుంచి దండి దాకా సుమారు 385 కిలోమీటర్లు నడిస్తే, ఇక్కడ ఒంగోలు దగ్గరి దేవరంపాడు శిబిరమైంది, టంగుటూరి ప్రకాశం అక్కడికి వచ్చారు. ఈ దేశంలో అన్నిటికంటే పేరున్న నడక సముద్రం ఒడ్డునే ముగిసింది, ఉప్పు కోసం. అయినా ఒడ్డున నడిచే హక్కు అనే మాట ఆనాటి కోరికల్లో లేదు. ఉండాల్సిన అవసరమూ రాలేదు, అప్పటికి ఎవరూ ఆపలేదు కాబట్టి.

అసలు కిటుకు ఇక్కడుంది. మన రెవెన్యూ రికార్డులో డొంకకు చోటుంది. ఊరి నక్షాలో జంట గీతలుగా కనిపిస్తుంది, పోరంబోకు కింద రాసి ఉంటుంది, ఎవరైనా కలిపేసుకుంటే తహశీల్దారు దగ్గరికి పోయి కొలిపించుకోవచ్చు. ఒడ్డు వెంబడి ఒక పాలెం నుంచి ఇంకో పాలేనికి పోయే నడకకు మాత్రం గీత లేదు. పట్టపు కులస్తులు వల భుజాన వేసుకుని, ఆడవాళ్లు చేపల గంప నెత్తిన పెట్టుకుని తరాలుగా తిరిగిన దారి అది. సముద్రం రోజూ చెరిపేసే దారికి సర్వేయరు రాయి ఎక్కడ పాతుతాడు? 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం, అంటే ఒకరి నేలను దారి లాంటి అవసరాలకు ఇంకొకరు వాడుకునే హక్కుల చట్టం, మద్రాసు ప్రెసిడెన్సీకి మొదటి నుంచీ వర్తించింది. ఆచారం వల్ల వచ్చే హక్కులకు అందులో చోటు ఉంది. ఓరెగాన్ కోర్టు వాడుకున్న ఆయుధం మన బీరువాలోనూ ఉందన్నమాట.

రొయ్యల గుంటలు వచ్చాక ఆ దారి విలువ తెలిసింది. 1980ల చివర నుంచి కాలువకూ సముద్రానికీ మధ్యనున్న నేలకు ఒక్కసారిగా ధర వచ్చింది. ఉప్పునీళ్లు దగ్గర, నేల చవక. నెల్లూరుకు రొయ్యల రాజధాని అని పేరొచ్చింది. కట్ట పక్కన కట్ట, కట్ట చుట్టూ కంచె, రాత్రి కాపలా, కుక్కలు. 1994–95లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఎంతోమంది చితికిపోయారు. గుంటలు ఎండిపోయినా కట్టలు మాత్రం పోలేదు. రొయ్య మీద నాకు కోపం లేదు, ఈ జిల్లాలో దాని తిండి తినని ఇల్లు తక్కువ. కానీ పాలెం నుంచి ఒడ్డుకు అయిదు నిమిషాల్లో పోయేవాళ్లు చుట్టూ తిరిగి పోవాల్సి రావడం ఆ రోజుల్లోనే మొదలైంది.

ఆ ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో తీర్పు వచ్చింది. తీర నియంత్రణ పరిధిలో, అంటే ఒడ్డు పక్కన కట్టడాలకూ తవ్వకాలకూ ఆంక్షలున్న పట్టీలో, సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా రొయ్యల చెరువులు కూల్చేయమంది కోర్టు. మత్స్యకారులకు సముద్రపు దారి మూసుకుపోవడం కూడా అందులో చర్చకు వచ్చింది. రెండు రోజుల తర్వాత, 13న, అదే ధర్మాసనం హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డు రిసార్టు మీద ఇంకో తీర్పిచ్చింది. నదులు, సముద్ర తీరం, అడవులు ప్రభుత్వం దగ్గర ప్రజల తరఫున ఉన్న ఆస్తులని అందులో రాసింది. జస్టిస్ కుల్దీప్ సింగ్ ఆ రెండు తీర్పుల్లోనూ ఉన్నారు. ఓరెగాన్‌లో 56 ఏళ్లు పట్టిన వాదన మనకు మూడు రోజుల్లో దొరికింది. దొరికీ నడకదారిగా మారలేదు. మొదటి తీర్పు అమలు ఆగింది. 2005లో తీర ఆక్వాకల్చర్ చట్టం వచ్చి ఆ చెరువులకు వేరే దారి చూపింది. 2009 నుంచి వనామీ రొయ్యతో రెండో విడత జోరు మొదలైంది.

అయితే ఆ 2005 చట్టమే పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు కొత్త చెరువు తవ్వకూడదంది. 1991 నాటి తీర నియంత్రణ ప్రకటన రెండు హోటళ్ల మధ్య 20 మీటర్ల ఖాళీ వదిలి జనాన్ని బీచ్‌కు పోనివ్వాలంది. రెండూ కలిపి చూస్తే ఒడ్డు వెంబడి జాగా కాగితం మీద ఉన్నట్టే. ఆ జాగాలో నడవొచ్చు అన్న వాక్యం మాత్రం ఎక్కడా లేదు. 20 మీటర్ల సందు రోడ్డు నుంచి సముద్రానికి తీసుకుపోతుంది, ఒడ్డు వెంబడి పక్క ఊరికి కాదు. కార్తీక పౌర్ణమికి కొత్తపట్నం, మైపాడు వచ్చే వేల జనానికి అది చాలు. పాలెం మనిషికి చాలదు, ట్రెక్కింగ్ కుర్రాడికీ చాలదు.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 2004 సునామీ తర్వాత సరుగుడు తోటలు పెరిగాయి. 2008లో కృష్ణపట్నం రేవు కొత్త రూపంలో మొదలైంది, దాని వెనకే థర్మల్ కేంద్రాలు. అదే ఏడు నవంబరులో ముంబై దాడులు జరిగాక తీర భద్రత బిగిసింది, వీపున బ్యాగుతో ఒడ్డున నడిచేవాడు ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన మనిషయ్యాడు. బ్రిటన్‌లో గస్తీ వల్ల బాట పుట్టింది, మన దగ్గర గస్తీ వల్ల నడిచేవాడికి టెన్షన్ పుట్టింది. రామాయపట్నంలో ఇంకో రేవు. రేవులోంచి ఎవరూ నడవలేరు, అది ఏ దేశంలోనైనా అంతే. ఇంగ్లండ్ బాట కూడా రేవులను చుట్టి పోతుంది. చుట్టి పోయే దారి ఏదో ముందే గీసి పెట్టుకున్నారు, అంతే తేడా.

ఇప్పుడు ఆ గీతకు అవకాశమున్న చోటు ఒకటే. 2019 తీర నియంత్రణ ప్రకటన ప్రకారం ప్రతి రాష్ట్రమూ తీర నిర్వహణ పటాలు తయారుచేయాలి, ముసాయిదా మీద జనం అభ్యంతరాలు వినాలి. పోటు గీతలు, మడ అడవులు, మత్స్యకార గ్రామాలు ఆ పటాల మీదికి ఎక్కుతాయి. ఒక పాలెం నుంచి ఇంకో పాలేనికి ఒడ్డు వెంబడి ఉన్న నడకనూ, పెన్న మొగ దగ్గర పడవ దాటే చోటునూ, కాలువ గట్టు మిగిలిన ముక్కలనూ ఎక్కించమని గ్రామసభ తీర్మానంతో అడగాల్సింది అక్కడ. అది జరగకుండా మైపాడులో ట్రెక్కింగ్ బోర్డు పెడితే, ఆ బోర్డు దాటిన తర్వాతి కంచె దగ్గర చూపించడానికి నడిచేవాడి చేతిలో ఏ కాగితమూ ఉండదు.