పెత్తర అమాస నాడు పిట్టల్ని చూడొచ్చా?

సిరొంచ

పెద్దదానికీ చిన్నోడికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో పెద్దది అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేదు. ఒకపక్క కుక్కర్ కూత, ఇంకోపక్క సిగ్నల్ లేకపోవడం. అయినా అది ఫోన్‌లో తేలే సంగతి కాదులే. "పోయినవాళ్ళని తలుచుకోవడానికి కదా ఏటికి వెళ్తున్నాం, దారిలో పిట్టల్ని చూసి సంతోషపడితే తప్పా అమ్మమ్మా?" అన్నావు. కిందటేడు చిన్నోడు లకుముకి పిట్టను చూసి కేకేస్తే వెనకాల వస్తున్న పెద్దాయన "ఇవాళ ఏం రోజనుకున్నావురా?" అని గదమాయించాడు. అది నీ మనసులో ఉండిపోయినట్టుంది.

తప్పు కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే కొంచెం పొడుగవుతుంది. తీరిగ్గా చదవండి.

భాద్రపదంలో పున్నమి తర్వాత వచ్చే పదిహేను రోజులూ పెద్దలవి. అందులో చివరిది ఈ అమాస. పంచాంగంలో మహాలయ అమావాస్య అని ఉంటుంది, మనం పెత్తర అమాస అంటాం, నాగపూర్‌లో మీ పక్కింటివాళ్ళు సర్వపిత్రీ అంటారు. పోయిన తిథి తెలియనివాళ్ళకూ, వెనక ఎవరూ లేనివాళ్ళకూ ఆ రోజు నీళ్ళు వదలొచ్చు. 2025లో సెప్టెంబరు 21న వచ్చింది. ఈ ఏడు అధిక జ్యేష్ఠం పడింది కనుక అక్టోబరు 10కి జరిగింది. ఆ తేడా దారిలో మీకే తెలుస్తుంది. గునుగు కాస్త ముదిరి ఉంటుంది, ఒడ్డున రెల్లు పూర్తిగా విచ్చి ఉంటుంది, మంచు కూడా ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి రండి. ఆ రోజు పొద్దున మీ మామ ప్రాణహితలో నిలబడి నువ్వులు, నీళ్ళు వదులుతాడు. ఇంటికొచ్చి పెద్దల పేరు చెప్పి బియ్యం, కూరగాయలు ఇస్తాం, గారెలు వండుతాం. అదే సాయంత్రం మొదటి బతుకమ్మ పేరుస్తాం, ఎంగిలిపూల బతుకమ్మ. మనం ఉండేది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా అయినా బతుకమ్మ దగ్గర మాత్రం ఏటి అవతలి తెలంగాణవాళ్ళతో సమానం. ఆ సాయంత్రం బతుకమ్మకు పెట్టే ఫలహారం కూడా నువ్వులు, బియ్యప్పిండే. పొద్దున పోయినవాళ్ళకి వదిలిన నువ్వులే సాయంత్రం పూల దగ్గరికి వస్తాయి. ఈ రెండూ ఒకేరోజు పడాలని ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాళ్ళకి బుద్ధి ఉందనిపిస్తుంది నాకు. మధ్యలో బట్టలు మార్చుకునేంత వ్యవధి కూడా ఇవ్వలేదు.

ఇంకో రుజువు చెప్తాను. తర్పణం చివర్లో అయ్యగారు ఒక శ్లోకం చెప్తారు, "ఆబ్రహ్మస్తంబపర్యంతం" అని మొదలవుతుంది. బ్రహ్మ దగ్గర్నుంచి గడ్డిదుబ్బు దాకా అందరూ తృప్తి పడాలని దాని భావం. మన తాతలు ముత్తాతలు ఆ వరసలో మధ్యలో ఎక్కడో ఉన్నారు. గడ్డిదుబ్బుకి కూడా నీళ్ళు వదిలిన రోజున గడ్డిదుబ్బును చూడకూడదని ఎవరైనా అంటే, ఆ శ్లోకం వాళ్ళు సరిగ్గా విననట్టే. చిన్నోడు వెంటనే డైనోసార్ సంగతి అడుగుతాడని నాకు తెలుసు. మన తాలూకా పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో తవ్వి తీసిన ఎముకల నుంచే బరపాసారస్ అనే పేద్ద జంతువు బయటపడింది. దాని అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో నిలబెట్టి ఉంది, దాదాపు 14 మీటర్ల పొడవు. మన ఊరివాళ్ళలో అందరికంటే ముందు పోయినది అదే. శ్లోకంలో దానికీ చోటుంది, బెంగపడకు.

దారి సంగతి చెప్తాను, ఈసారి ఏం చూడాలో తెలుస్తుంది.

నాలుగున్నరకి ఇంట్లోంచి బయటపడతాం. అమాస కాబట్టి చంద్రుడు ఉండడు. ఊరి చివర వీధిదీపాలు అయిపోయాక ఒకసారి ఆగి తల పైకెత్తండి. నెత్తికి కాస్త దక్షిణంగా మూడు చుక్కలు వరసగా కనిపిస్తాయి, గొల్లకావడి. అక్కడినుంచి కొంచెం పడమటికి చిన్నచిన్న చుక్కలు ముద్దగా ఉంటాయి, అది పిల్లలకోడి. మీ పుస్తకంలో ఒరాయన్, కృత్తిక అని ఉంటాయేమో. గడియారాలు లేని రోజుల్లో మీ ముత్తాత వీటిని చూసే నాగలి కట్టడానికి లేచేవాడట. ఆయన ఫోటో మన ఇంట్లో లేదు. ఆయన చూసినవాటిలో ఏ మార్పూ లేకుండా మిగిలినవి ఇవే అనుకుంటాను. అందుకే నేను అక్కడ రెండు నిమిషాలు ఆగుతాను. మోకాళ్ళ నొప్పి అని మీరు అనుకుంటారు, అదీ నిజమే.

తర్వాత చేలగట్టు. పత్తిచేల అంచున గునుగు ఉంటుంది. రైతుకి అది కలుపు, పీకి పారేస్తాడు. మనకి బతుకమ్మలో అదే ముఖ్యం. కంకి కొనన గులాబిరంగు, కిందికి వచ్చేసరికి తెలుపు. కోసి ఎన్నిరోజులు ఉంచినా వాడినట్టు కనిపించదు, ఎందుకంటే అది ముందునుంచీ కాగితంలా ఎండుగానే ఉంటుంది. మంచు పడినప్పుడు ఆ కంకుల మధ్య సాలీడు గూళ్ళు కూడా బయటపడతాయి. మిగతా వేళల్లో కంటికి ఆనని దారం అప్పుడు నీటిబొట్లు పట్టి పూర్తిగా కనిపిస్తుంది. మేఘం లేని రాత్రి నేల వేడి పైకి పోయి గడ్డి చల్లబడుతుంది, గాల్లోని తేమ దానిమీద దిగుతుంది. మంచు పడడమంటే ఇంతే. గూడు అల్లే సాలీళ్ళలో చాలావరకు పాత గూడును తినేసి మళ్ళీ కొత్తది అల్లుతాయి. అంటే మీరు చూసేది రాత్రి అల్లిన గూడు కావచ్చు. చేతులు పెట్టకండి.

తంగేడు దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగాలి. ఏటికి పోయేటప్పుడు కాదు, తిరిగొచ్చేటప్పుడు. ఎండ పడితేగానీ తుమ్మెద రాదు. నల్లగా, లావుగా, బొటనవేలి గోరుకంటే పెద్దగా ఉంటుంది. తంగేడు పువ్వులో దానికి తేనె దొరకదు, పుప్పొడి కోసమే వస్తుంది. ఆ పుప్పొడి బయటికి కనిపించదు. పువ్వు మధ్యలో గొట్టాల్లాంటివి ఉంటాయి కదా, వాటి కొనన చిన్న రంధ్రం ఉంటుంది, పుప్పొడి లోపల ఉంటుంది. తుమ్మెద పువ్వును కాళ్ళతో గట్టిగా పట్టుకుని ఒళ్ళంతా వణికిస్తుంది. ఆ అదురుకి పుప్పొడి రంధ్రంలోంచి చిమ్ముతుంది. చెవి పెట్టి వింటే ఎగిరేటప్పటి మోత వేరు, పువ్వు పట్టుకున్నప్పటి మోత వేరు. రెండోది సన్నగా, కోపంగా ఉంటుంది. ఇది నాకు చూపించింది మీ తాతయ్య. ఆయనకి పుప్పొడి సంగతి తెలియదు, "అదిగో, పువ్వుతో కొట్లాడుతోంది" అనేవాడు. కారణం నేను తర్వాత మీ అమ్మ బోటనీ పుస్తకంలో చదివి చెప్తే నమ్మలేదు. కొట్లాటే అన్నాడు చివరిదాకా.

ఆ మోత వినిపించినప్పుడల్లా నాకు మీ తాతయ్య గొంతే వినిపిస్తుంది. ఇంట్లో ఫోటోకి దండ వేసేటప్పుడు అంతగా వినిపించదు. ఫోటోలో ఆయన పెళ్ళికి వెళ్తున్నట్టు బిగుసుకుని కూర్చుని ఉంటాడు, ఆ మనిషితో నాకు పెద్ద పరిచయం లేదు.

వాగు మీద వంగిన తుమ్మచెట్టుకి గిజిగాడి గూళ్ళు వేలాడతాయి. చాలావరకు చెట్టుకి తూర్పుపక్కనే కట్టుకుంటాయి, వానగాలి నైరుతి నుంచి కొడుతుంది కాబట్టి. మగపిట్ట సగం గూడు అల్లి ఆడపిట్టకి చూపిస్తుంది. నచ్చకపోతే అది అక్కడే ఆగిపోతుంది, మగది ఇంకోటి మొదలుపెడుతుంది. గూడు సగంలో ఆగిపోయి కనిపిస్తే ఇంటికి సంబంధం కుదరలేదని అర్థం. లోపల మట్టి ముద్దలు కూడా పెడుతుంది. ఆ మట్టికి మిణుగురుల్ని అతికించి దీపాలు పెట్టుకుంటుందని నాకు మా నాయనమ్మ చెప్పేది. అది కథే. మట్టి మాత్రం నిజం. ఈసారి మనం వెళ్ళేసరికి పిల్లలు ఎగిరిపోయి గూళ్ళు ఖాళీగా ఉండొచ్చు. కిందపడినది దొరికితే ఇంటికి తెచ్చుకోవచ్చు, చెట్టుమీదది లాగకండి.

ఏటి దగ్గరికి వచ్చేసరికి వెలుగు వస్తుంది. మనం పడమటికి నడుస్తాం కాబట్టి సూర్యుడు వీపు వెనక లేస్తాడు. ఎండ ముందు అవతలి ఒడ్డు చెట్ల తలలమీద పడుతుంది, అక్కణ్ణుంచి కిందికి దిగుతూ నీళ్ళమీదికి వస్తుంది. రెల్లు తెల్లగా వెలుగుతుంది. తర్పణానికి నీళ్ళలో దిగినవాళ్ళు ఒకపక్క, కొంచెం అవతల నలుపు తెలుపు లకుముకి గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ ఆగి నిట్టనిలువుగా నీళ్ళలోకి దూకుతుంది. చిన్నోడు అరిచింది దాన్ని చూసే. ఒడ్డు చెట్ల కొమ్మల్లో పైన ఎక్కడో ఎండుగడ్డి, గుడ్డపేలికలు, ప్లాస్టిక్ చిక్కుకుని ఉంటాయి చూడండి. వరద అక్కడిదాకా వచ్చిందన్నమాట. 2022 జూలైలో గోదావరి ఎలా వచ్చిందో మీ అమ్మని అడగండి. ఈ ఏరు అందంగా ఉంటుందని చెప్తున్నాను గానీ, మంచిదని చెప్పడం లేదు. రెండూ వేరువేరు.

ఆ నీళ్ళు ఎక్కడివో తెలుసా? వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత అవుతాయి. ఒకటి బైతూల్ జిల్లా ముల్తాయిలో పుడుతుంది, ఇంకోటి సివనీ జిల్లాలో. రెండూ మధ్యప్రదేశ్‌వే. ఇక్కడ ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. కలిసేచోటికి అవతల కాళేశ్వరం. అక్కడి గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాళేశ్వరుడు అంటే యముడు, ఇంకోటి ముక్తేశ్వరుడు అంటే శివుడు. వంతెన రాకముందు పడవమీద వెళ్ళేవాళ్ళం. మీరు హాయిగా ఆటోలో వెళ్ళొచ్చు.

ఇంత చెప్పాను కదా అని, పువ్వును చూస్తే దుఃఖం తగ్గిపోతుందని మాత్రం అనుకోకండి. మీ తాతయ్య పోయిన ఏడు నేను ఇదే దారిలో నడిచాను. తంగేడు పూసే ఉంటుంది, గునుగు ఉండే ఉంటుంది. నాకు ఏదీ గుర్తులేదు. ముందు నడిచే మనిషి మడమలు మాత్రం గుర్తున్నాయి. ఆ తర్వాత ఏడు కూడా అంతే. ఎప్పుడు మళ్ళీ కనిపించడం మొదలైందో చెప్పలేను. ఎవరికైనా అలా ఉన్నప్పుడు "అదిగో చూడు ఎంత బాగుందో" అని చెయ్యి పట్టి లాగకూడదు. నిన్ను గదమాయించిన పెద్దాయనకి ఆ ఏడే భార్య పోయిందిరా చిన్నోడా. ఆయనకి ఆ పిట్ట కనిపించి ఉండదు, నీ అరుపొక్కటే వినిపించి ఉంటుంది. ఆయన మీద కోపం పెట్టుకోకు. నువ్వు పిట్టను చూడడమూ మానకు, మెల్లగా అక్క చెయ్యి గిల్లి చూపించు.

తప్పు ఏది అంటే అదీ చెప్తాను. మంత్రం చదువుతుంటే ఫోన్ మోగడం తప్పు. తర్పణం వదిలేవాళ్ళని వీడియో తీయడం తప్పు, కిందటేడు ఎవరో కుర్రాడు తీశాడు, నాకు ఒళ్ళు మండింది. బతుకమ్మకి కావాలని తంగేడు కొమ్మలు విరిచేయడం కూడా తప్పే, పూలరెమ్మ తుంచితే చాలు. మన వాకిట్లో పారిజాతం చెట్టు ఉంది కదా, దానితో ఆ పేచీ కూడా లేదు. రాత్రి పూసి తెల్లారేసరికి తనే రాలుస్తుంది. మిగతా పూలు కిందపడితే పూజకి పనికిరావంటారు, పారిజాతాలు మాత్రం నేలమీదనుంచే ఏరుకోవాలి. పెద్దదానా, ఆ పని నీది. నేను వంగలేను.

సరే, వచ్చే ఏర్పాటు. అక్టోబరు 10 శనివారం అయింది, కాబట్టి మీరు ముందురోజు స్కూలు కాగానే బయల్దేరాలి. రైల్లో మంచిర్యాలలో దిగితే మామ బండి తెస్తాడు, చెన్నూరు మీదుగా ప్రాణహిత వంతెన దాటితే ఇల్లే. గునుగు కోసేటప్పుడు గడ్డి కోసుకుంటుంది, నిండు చేతుల చొక్కాలు తెచ్చుకోండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, గట్టుమీద పల్లేరుకాయలు ఉన్నాయి. టార్చి నా దగ్గర ఒకటే ఉంది, దాని బ్యాటరీ నమ్మకం లేదు. మీ నాన్నది తీసుకురండి. అమ్మని నువ్వులు కొనొద్దని చెప్పండి, ఇక్కడ చేనువి ఉన్నాయి.

మీ అమ్మమ్మ