మడత విప్పినా ఆగని జన్యువులు: ట్యాడ్‌ల తగాదా ఎక్కడ మొదలైంది?

కణం విభజన చెందేటప్పుడు క్రోమోజోములు బిగుసుకుపోయి, అంతకు ముందు కేంద్రకంలో డీఎన్ఏ వంగి ఏర్పడిన లూపులూ, దాన్ని ట్యాడ్‌లనే గళ్లుగా విడదీసే హద్దులూ చెరిగిపోతాయని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చారు. 2025లో అమెరికాలోని ఎంఐటీలో ఆండర్స్ హాన్సెన్ బృందం ప్రచురించిన, డీఎన్ఏలో ఏ భాగం ఏ భాగాన్ని తాకుతోందో చూపే పటాలు ఆ మాటను సగమే నిలబెట్టాయి. పెద్ద హద్దులు చెరిగిపోయాయి గానీ, జన్యువుల ప్రారంభ స్థానాలనూ వాటిని ప్రేరేపించే ఎన్‌హాన్సర్లనే డీఎన్ఏ ముక్కలనూ కలిపే చిన్న లూపులు నిలిచే ఉన్నాయి, కొన్ని మరింత బలపడ్డాయి కూడా. జన్యువులు దాదాపు మౌనంగా ఉండే దశలో ఆ లూపులకు పనేమిటి? మడత జన్యువును నడిపిస్తుందా, లేక డీఎన్ఏ బిగువు వల్ల మడత దానంతటదే పడుతుందా అన్న పాత తగాదా దీంతో మళ్లీ రాజుకుంది.

రెండు మీటర్ల డీఎన్ఏ కొన్ని మైక్రోమీటర్ల కేంద్రకంలో హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఇముడుతుందన్న కథ పాఠకులకు తెలిసిందే. డీఎన్ఏలో ఏ భాగం ఏ భాగానికి దగ్గరగా ఉందో లెక్కగట్టే హై-సి పద్ధతి 2009లో వచ్చిందని, 2012లో మూడు ప్రయోగశాలలు విడివిడిగా ఒకే సంగతి గమనించాయని గుర్తు చేసుకుంటే ఇక్కడికి సరిపోతుంది. క్రోమోజోము గళ్లు గళ్లుగా విడిపోయి ఉంటుంది, ఒక గడిలోని డీఎన్ఏ తనలో తానే ఎక్కువగా తాకుతూ పక్క గడిని తక్కువగా తాకుతుంది. వాటికే ట్యాడ్‌లని పేరు పెట్టారు. ఎన్‌హాన్సరు తన గడి దాటి పక్క జన్యువును రేపకుండా ఈ హద్దులే కాపలా కాస్తాయన్న ఊహ చూస్తుండగానే స్థిరపడిపోయింది.

ఆ ఊహ తలకిందులు కావలసి వచ్చింది 2017లో. ఈ వివాదాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ ఏడాది అక్టోబరులో వెలువడిన ఒక ప్రయోగం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగక తప్పదు. లూపులను కట్టేది కొహెసిన్ అనే ఉంగరం ఆకారపు ప్రొటీన్ సముదాయం. ఉంగరంలోంచి చీరను లాగినట్టు అది డీఎన్ఏను లాగుతూ పోయి, సీటీసీఎఫ్ అనే మరో ప్రొటీన్ ఎదురుపడిన చోట ఆగుతుందన్నది అప్పటి సిద్ధాంతం. సుహాస్ రావు, ఎరెజ్ లీబర్మన్ ఐడెన్ తదితరులు మనిషి పెద్దపేగు కేన్సరు కణాలను తీసుకుని, కొహెసిన్‌లోని రాడ్21 అనే భాగానికి ఒక తోక తగిలించారు. మొక్కల హార్మోను ఆక్సిన్‌ను కణాలకు అందించగానే, వరి నుంచి తెచ్చిపెట్టిన ఒక ప్రొటీన్ ఆ తోకను గుర్తుపట్టి రాడ్21ను నాశనానికి అప్పగిస్తుంది. అలా ఆరు గంటలు గడిచేసరికి పటంలో కొహెసిన్ కట్టిన లూపు ఒక్కటీ మిగల్లేదు. ఆక్సిన్‌ను కడిగేస్తే, పది లక్షల బేస్ జతలంత (డీఎన్ఏ నిచ్చెన మెట్లంత) పెద్ద లూపులు కూడా చాలావరకు గంటలోపే తిరిగి వచ్చాయి.

లాగుడు సిద్ధాంతానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు. కానీ అదే పత్రంలో మరో ఫలితం ఉంది. హద్దులన్నీ కూలిపోయినా జన్యువులు కట్టు తెంచుకోలేదు. కొద్దిపాటి జన్యువుల పనిలోనే గట్టి మార్పు కనిపించింది. అదే ఏడాది సీటీసీఎఫ్‌ను తొలగించిన ఎల్ఫెజ్ నోరా బృందానికీ, ఎలుక కాలేయంలో కొహెసిన్‌ను డీఎన్ఏపైకి ఎక్కించే ప్రొటీన్‌ను లేకుండా చేసిన ఫ్రాన్స్వా స్పిట్జ్ బృందానికీ ఇంచుమించు ఇదే అనుభవం ఎదురైంది. మూడు చోట్ల, మూడు మార్గాల్లో వచ్చిన ఫలితాన్ని పొరపాటని తోసిపుచ్చడం కష్టం.

హద్దులే జన్యువులను అదుపు చేస్తాయనే పక్షం వారి సమాధానం ఆరు గంటలు చాలవనీ, పళ్లెంలో పెరిగే కేన్సరు కణం పెరిగే పిండానికి సాటి కాదనీ. అందులో నిజం లేకపోలేదు. 2018లో మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాల మీద జరిగిన పరిశీలనలో, సూక్ష్మజీవుల అలికిడికి కొత్తగా మేల్కొనవలసిన జన్యువులు కొహెసిన్ లేకపోతే సరిగా మేల్కొనలేదు. వారి అసలు బలం మాత్రం 2015 నాటి బెర్లిన్ పత్రం. ఈపీహెచ్ఏ4 జన్యువు చుట్టూ హద్దులు తెగిన కుటుంబాల్లో వేళ్లు పొట్టిగానో అదనంగానో ఏర్పడటం స్టెఫాన్ ముండ్లోస్ బృందం చూపింది, ఎలుకల్లో అవే మార్పులు చేసి నిరూపించింది కూడా. అయితే 2019లో అదే బృందం సాక్స్9 అనే జన్యువు దగ్గర సీటీసీఎఫ్ స్థానాలను తీసేసి రెండు ట్యాడ్‌లను కలిపేస్తే జన్యువుల పని పెద్దగా మారలేదు. హద్దును తిప్పి వేరే చోట పెట్టినప్పుడే వికారం కలిగింది. 2015 పత్రాన్ని ఉటంకించేవారు ఈ రెండోదాన్ని అంతగా ప్రస్తావించరు.

2019లోనే హైడెల్‌బర్గ్‌లో ఐలీన్ ఫర్లాంగ్ బృందం, విపరీతంగా తలకిందులైన పండు ఈగ క్రోమోజోములను పరీక్షించి, ట్యాడ్‌లు తెగిన చోట కూడా చాలా జన్యువులు మామూలుగానే పనిచేస్తున్నాయని తేల్చింది. ఈగల్లో జన్యువుల మధ్య హద్దులనేవి హై-సి కన్నా ముందే పరిచయం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో రాకేశ్ మిశ్రా బృందం వాటిపైనే ఏళ్ల తరబడి పనిచేసింది. చిన్న జీనోము (మొత్తం డీఎన్ఏ) ఉన్న ఈగ ఫలితాన్ని మనిషికి యథాతథంగా అంటగట్టలేమన్న అభ్యంతరం మాత్రం నిలుస్తుంది.

చిక్కును కొంత విప్పినది 2022లో హాన్సెన్ బృందమే బతికున్న ఎలుక మూలకణాల్లో ఒక లూపును ప్రత్యక్షంగా చూసిన పని. ఎఫ్‌బీఎన్2 జన్యువున్న ట్యాడ్ రెండు కొసలూ పూర్తిగా కలిసి ఉన్నది సుమారు 3 నుంచి 6.5 శాతం సమయమే. కలిసినా 10 నుంచి 30 నిమిషాలకు విడిపోతున్నాయి. అంటే పటంలో గట్టి గోడలా కనిపించేది లక్షల కణాల సగటు, ఏ ఒక్క కణంలోనూ ఆ గోడ నిలకడగా లేదు. ఎడిన్‌బరోలో వెండీ బిక్‌మోర్ బృందం అదే సంవత్సరం దూరం లెక్కను ముందుకు తెచ్చింది. ఎస్‌హెచ్‌హెచ్ జన్యువును దగ్గరి నుంచి రేపడానికి కొహెసిన్ అక్కర్లేదు, అనేక లక్షల బేస్ జతల అవతలి నుంచి రేపాలంటే కావాలి. 2017లో ఎందుకు ఎక్కువ జన్యువులు చలించలేదో ఇది చాలావరకు చెబుతుంది. వాటిలో ఎక్కువ భాగం దగ్గరి ఎన్‌హాన్సర్లతో సరిపెట్టుకునేవే అయివుండాలి. విభజన దశలో నిలిచిన చిన్న లూపులు కూడా, కొహెసిన్ ప్రమేయం అంతగా లేకుండానే డీఎన్ఏ బిగుసుకోవడంతో దగ్గరైన జంటలని హాన్సెన్ బృందం భావిస్తోంది.

ఈ తగాదా ప్రయోగశాలలకే పరిమితమైతే ఇంత వేడి ఉండేది కాదు. పుట్టుకతో లోపమున్న బిడ్డ జీనోములో, ఏ జన్యువూ దెబ్బతినకుండా ఒక ట్యాడ్ హద్దు మాత్రమే ఎగిరిపోయి కనిపిస్తే, అదే కారణమని నివేదికలో రాయాలా వద్దా అన్నది జన్యు వైద్యుల ముందున్న ప్రశ్న. 2015 పత్రం ఒక్కటే చదివినవారు రాసేస్తారు. 2019 సాక్స్9 ఫలితం తెలిసినవారు, ఆ హద్దుకు అటూ ఇటూ ఏ ఎన్‌హాన్సర్లున్నాయో, అవి ఎంత దూరంలోని ఏ జన్యువును ఏ కణజాలంలో రేపుతాయో ముందు అడుగుతారు.