సన్‌రైజ్ తగువు: మెలిక పడింది 2002 మార్చిలో

తిమోర్ సముద్రం అడుగున ఉన్న గ్రేటర్ సన్‌రైజ్ గ్యాస్ ఎటు పోవాలన్న తగువు మళ్లీ రాజుకుంది. 150 కిలోమీటర్ల దూరంలోని తిమోర్ లెస్తే (తూర్పు తిమోర్) తీరానికా, 450 కిలోమీటర్ల అవతలి ఆస్ట్రేలియా నగరం డార్విన్‌కా? దాంతోపాటే పాత ప్రశ్నా లేచింది: తిమోర్‌లో బడులు బాగుచేయించే ఆస్ట్రేలియా మిత్రసంఘాలకు సముద్రపు హద్దులతో ఏం పని?

1975లో తిమోర్‌ను ఇండోనేషియా ఆక్రమించడం, 1999లో స్వాతంత్ర్యంపై ప్రజాభిప్రాయ సేకరణ తెలిసినవే. మెలిక పడింది 2002 మార్చిలో. తిమోర్ లెస్తే స్వాతంత్ర్యానికి రెండు నెలల ముందు, సముద్ర సరిహద్దు వివాదాల్లో అంతర్జాతీయ న్యాయస్థానం పరిధి నుంచి ఆస్ట్రేలియా తప్పుకుంది. ఇలాంటివి చర్చలతో తేలితేనే మంచిదన్నది కాన్‌బెర్రా మాట. పుట్టబోయే దేశానికి కోర్టు తలుపు ముందే మూసి, రా మాట్లాడుకుందాం అనడమే అది.

మే 20న కుదిరిన ఒప్పందం పైకి ఉదారమే: రెండు దేశాలూ కలిసి చమురు, గ్యాస్ తీసుకునే ఉమ్మడి సముద్ర ప్రాంతపు ఆదాయంలో 90 శాతం తిమోర్‌ది. కానీ సన్‌రైజ్ నిక్షేపంలో 20.1 శాతమే ఆ ప్రాంతంలోకి వస్తుందని లెక్క వేశారు. అందులో 90 శాతమంటే మొత్తంలో 18.

అప్పటికే ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఫిలిప్ నగరం తిమోర్ పట్టణం సువాయ్‌తో, మోర్లాండ్, హ్యూమ్ నగరాలు ఐలేవుతో మైత్రి కట్టాయి. చందాలతో బడికి పైకప్పు వేయించవచ్చు. నెలనెలా పంతులు జీతం సర్కారు ఖజానా నుంచే రావాలి. ఆ ఖజానా నిండాలంటే హద్దు తేలాలి. హద్దు తేల్చాల్సింది ఈ మిత్రసంఘాల వాళ్లు ఓటేసే ప్రభుత్వమే. 2004లో మెల్‌బోర్న్‌లో తిమోర్ సీ జస్టిస్ క్యాంపెయిన్ మొదలైంది అందుకే.

2006 ఒప్పందంలో సన్‌రైజ్ ఆదాయంలో తిమోర్ వాటా 50 శాతానికి పెరిగింది. బయట ఆ గోల లేకపోతే ఇంత దిగివచ్చేవారా అన్నది అనుమానమే. బదులుగా హద్దు మాట 50 ఏళ్లు ఎత్తకూడదన్నారు. ఆ చర్చలప్పుడు తిమోర్ రాజధాని దిలీలో ఆస్ట్రేలియా రహస్య మైకులు పెట్టిందన్న ఆరోపణ 2013లో బయటపడి దాని పరువు తీసింది.

2002లో ఆస్ట్రేలియా తప్పుకుంటూ చేసిన ప్రకటన మూయలేని సందు ఒకటి మిగిలింది: ఐరాస సముద్ర చట్టం కింద తప్పనిసరి రాజీ విచారణ. సిఫార్సులకు కట్టుబడనక్కర్లేదు గానీ, హాజరు కాక తప్పదు. అంతవరకూ ఎవరూ వాడని ఆ దారిని 2016లో తిమోర్ పట్టింది. 2018 మార్చి 6న హద్దు ఒప్పందం కుదిరింది. గ్యాస్ తిమోర్‌కు వెళ్తే సన్‌రైజ్ ఆదాయంలో ఆ దేశానికి 70 శాతం, డార్విన్‌కు వెళ్తే 80. పైపు ఎటన్నది మాత్రం రాయలేదు.