క్లౌడ్ హెచ్‌ఎస్‌ఎం: పోగొట్టుకున్న కీని ప్రొవైడర్ తెచ్చివ్వలేడు

హెచ్‌ఎస్‌ఎం (హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్) అంటే ఎన్‌క్రిప్షన్ కీలను దాచి, లోపలే వాడే పరికరం. క్లౌడ్‌లో దాన్ని ఏడబ్ల్యూఎస్ (అమెజాన్), అజూర్ (మైక్రోసాఫ్ట్) లాంటి ప్రొవైడర్లు అద్దెకిస్తారు.

అపోహ: "క్లౌడ్‌లోనే ఉంది కదా, ఏదైనా పోతే సపోర్ట్ టికెట్ పెడితే సరి."

ఈ మాట వినకుండా నాకు ఒక్క ప్రాజెక్టూ మొదలవదు. టికెట్ పెట్టినా కీ రాదు. ప్రొవైడర్‌కి కూడా మన కీలు అందకూడదనే కదా హెచ్‌ఎస్‌ఎం తీసుకున్నది! ఏడబ్ల్యూఎస్ క్లౌడ్‌హెచ్‌ఎస్‌ఎంలో అడ్మిన్ పాస్‌వర్డ్ పోతే వాళ్లు రీసెట్ చేయలేరు. రోజూ బ్యాకప్ తీస్తారుగా అంటారు. తీస్తారు, కానీ అందులోనూ ఉండేది అదే అడ్మిన్, అదే పాస్‌వర్డ్. పైగా అప్లికేషన్ నడిచేది క్రిప్టో యూజర్ (కీలను వాడే వేరే ఖాతా) లాగిన్‌తో. అందుకే అడ్మిన్ పాస్‌వర్డ్ పోయిన సంగతి చాలాకాలం ఎవరికీ తెలియదు. కొత్త యూజర్‌ని చేర్చాల్సి వచ్చిన రోజు బయటపడుతుంది.

అజూర్ మేనేజ్డ్ హెచ్‌ఎస్‌ఎంలో అయితే సెక్యూరిటీ డొమైన్ ఫైల్ (హెచ్‌ఎస్‌ఎంని మళ్లీ నిలబెట్టడానికి కావాల్సిన ఎన్‌క్రిప్టెడ్ ఫైల్) జాగ్రత్త. యాక్టివేట్ చేయడానికి కనీసం 3 ఆర్‌ఎస్‌ఏ కీ జతలు (పబ్లిక్, ప్రైవేట్) కావాలి, క్వోరం, అంటే ఆ ఫైల్ తెరవడానికి కలవాల్సిన ప్రైవేట్ కీలు, కనీసం 2. ఒక రివ్యూలో ఆ మూడు ప్రైవేట్ కీలూ ఎక్కడున్నాయని అడిగాను. ఒకే ల్యాప్‌టాప్‌లో ఒకే ఫోల్డర్ తెరిచి చూపించారు, అదీ సంతోషంగా! మూడు తాళాలు వేసి చెవులన్నీ ఒకే గుత్తికి తగిలించినట్టుంది. అవి వేర్వేరు మనుషుల దగ్గర, నెట్‌కి తగలని చోట ఉండాలి. ఆ డొమైన్ లేకపోతే ఫుల్ బ్యాకప్ ఉన్నా కొత్త హెచ్‌ఎస్‌ఎంలోకి ఎక్కదు. ఒకసారి రీస్టోర్ చేసి చూసేదాకా అది బ్యాకప్ అని నేను ఒప్పుకోను.

అపోహ: "పొరపాటున డిలీట్ కొట్టాం, అంతా పోయింది."

అర్ధరాత్రి ఫోన్లు ఎక్కువగా దీని గురించే. ముందు టెన్షన్ తగ్గించుకోండి, కంగారులో ఇంకేదీ నొక్కకండి. అజూర్‌లో సాఫ్ట్ డిలీట్ (డిలీట్ చేసినదాన్ని కొన్నాళ్లు దాచి ఉంచడం) గడువు 7 నుంచి 90 రోజులు, ఆలోపు పర్జ్ చేయకపోతే, అంటే శాశ్వతంగా తుడిచేయకపోతే, వెనక్కి తెచ్చుకోవచ్చు. ఏడబ్ల్యూఎస్‌లో క్లస్టర్ (హెచ్‌ఎస్‌ఎంల గుంపు) తీసేసినా బ్యాకప్ మిగిలి ఉంటే దాంతో కొత్తది లేపొచ్చు.

"టెస్టింగ్‌లో ఒక్క హెచ్‌ఎస్‌ఎం బాగానే నడిచింది, ప్రొడక్షన్‌కీ చాలు." చాలదు. అది చెడితే చివరి బ్యాకప్ తర్వాత చేసిన కీలు పోయినట్టే. వేర్వేరు జోన్లలో (విడివిడి డేటా సెంటర్లలో) రెండు పెట్టండి.

"డేటా అంతా దాని గుండా వెళ్లాలి, స్లో అయిపోతుంది." వెళ్లక్కర్లేదు. ఎన్వలప్ పద్ధతిలో డేటాని బయటే ఒక డేటా కీతో ఎన్‌క్రిప్ట్ చేస్తారు; హెచ్‌ఎస్‌ఎం చుట్టి (ఎన్‌క్రిప్ట్ చేసి) ఇచ్చేది ఆ డేటా కీని మాత్రమే.

"ఎఫ్‌ఐపీఎస్ (అమెరికా ప్రభుత్వ భద్రతా ప్రమాణం) లెవెల్ 3 సర్టిఫికెట్ ఉంది, ఇక భయం లేదు." కీని బయటికి లాగలేకపోవచ్చు గానీ, మీ అప్లికేషన్ పాస్‌వర్డ్ దొరికినవాడు లోపలున్న కీతోనే డీక్రిప్ట్ చేయించుకుంటాడు. ఆ పాస్‌వర్డ్‌ని కాన్ఫిగ్ ఫైల్‌లో రాసిపెట్టిన టీములు ఇప్పటికీ కనిపిస్తున్నాయి.