తలెహ్: కోటల ఊరు ఎవరిది?

ఉత్తర సోమాలియాలోని సూల్ ప్రాంతం ఎప్పుడు వార్తల్లోకి వచ్చినా లాస్ ఆనోద్ నగరం పేరే వినిపిస్తుంది. ఆ నేల ఎవరిదన్న గొడవ మూలాలు తెలియాలంటే మాత్రం దానికి ఈశాన్యాన ఉన్న తలెహ్ అనే చిన్న ఊరికి వెళ్లాలి. ఒంటెలు, మేకలు కాచుకుని బతికే జనం. శిథిలమైన పెద్ద పెద్ద రాతి కోటలు. ఈ ఊరు తమదేనని ముప్పై ఏళ్లుగా ఒకరికి మించి ప్రభుత్వాలు అంటున్నాయి.

1884లో బ్రిటన్ ఈ తీరానికి వచ్చింది సముద్రానికి అవతల యెమెన్‌లో ఉన్న ఏడెన్ రేవు కోసం. అక్కడి సైనిక స్థావరానికి మాంసం ఇక్కడి నుంచే వెళ్లేది. 1898 వరకు ఇక్కడి పాలన బ్రిటిష్ ఇండియా కిందే నడిచింది. ఇసాక్ తెగలతోనూ మరికొన్ని తెగలతోనూ బ్రిటన్ రక్షణ ఒప్పందాలు చేసుకుంది. సూల్ మైదానాల్లోని దుల్బహంతే తెగ అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. అయినా 1894లో బ్రిటన్, ఇటలీ సరిహద్దు గీసుకుంటే వాళ్ల నేల బ్రిటిష్ వాటాలో పడింది. నా దృష్టిలో అసలు చిక్కుముడి పడింది ఇక్కడే.

1899 నాటికి సయ్యిద్ మహమ్మద్ అబ్దుల్లా హసన్ తిరుగుబాటు లేవదీశాడు. ఆయన తల్లి దుల్బహంతే ఆడపడుచు. మతబోధకుడు, యుద్ధవీరుడు, అన్నిటికీ మించి మహాకవి. ఆయన పద్యాలు నోటి నుంచి నోటికి పాకి జనాన్ని కదిలించేవి. దర్వీష్‌లనే ఆయన అనుచరులు 1903లో గుంబురు దగ్గర ఒక బ్రిటిష్ దళాన్ని దాదాపు పూర్తిగా తుడిచిపెట్టారు. ఆ దళంలో చనిపోయినవాళ్లలో సిక్కు సిపాయిలూ ఉన్నారు. ఎవరి యుద్ధమో, ఎవరి ప్రాణాలో!

ఖర్చు భరించలేక 1910లో బ్రిటన్ తీరపట్టణాలకు వెనక్కి తగ్గింది. ఆ ఖాళీలోనే తలెహ్ వెలిగింది. అప్పటిదాకా గుడారాలతో తిరిగిన దర్వీష్‌లు యెమెన్ మేస్త్రీలను రప్పించి మందపాటి రాతి గోడలు, ఎత్తైన బురుజులు కట్టించారు. తలెహ్ వాళ్ల రాజధాని అయింది.

ఆ గోడలను ఫిరంగులతో కొట్టడం కష్టమని బ్రిటన్ విమానాలు పంపింది. 1920 జనవరిలో పన్నెండు డీహెచ్-9 విమానాలు రంగంలోకి దిగాయి. జనవరి 21న మొదటి దాడి దర్వీష్‌ల మెదిషి శిబిరం మీద జరిగింది. ఆకాశంలో వచ్చేదేమిటో తెలియక సయ్యిద్ మంచి బట్టలు కట్టుకుని ఎదురుచూశాడని, బాంబు పడి పక్కనున్న మనిషి చనిపోయాడని, ఆయన బట్టలు కాలాయని బ్రిటిష్ కథనాలు చెబుతాయి. ఫిబ్రవరిలో తలెహ్ మీదా బాంబులు పడ్డాయి, కోట చేజారింది. సయ్యిద్ ఇథియోపియాలోని ఓగాడెన్ వైపు తప్పించుకుని, ఆ ఏడాది చివర అక్కడి ఇమీలో జబ్బుతో చనిపోయాడు. ఇరవై ఏళ్ల యుద్ధం కొన్ని వారాల్లో ముగిసింది. ఇంత చవగ్గా తిరుగుబాట్లను అణచవచ్చన్న ధీమాతో బ్రిటన్ ఇదే పద్ధతిని తర్వాత ఇరాక్‌లో వాడింది.

సయ్యిద్‌ను అందరూ ఒకేలా తలచుకోరు. సోమాలియా రాజధాని మొగదిషులో ఆయన జాతీయ వీరుడు, గుర్రం మీద విగ్రహమూ పెట్టారు. దర్వీష్ దాడుల్లో మనుషుల్నీ మందల్నీ పోగొట్టుకున్న ఇసాక్ కుటుంబాల్లో ఆ పేరు ఇప్పటికీ గాయమే. ఈ రెండు జ్ఞాపకాలూ నిజమైనవే.

1960 జూన్ 26న బ్రిటిష్ సోమాలిలాండ్ స్వతంత్రమైంది. ఐదు రోజులకే దక్షిణాన ఉన్న ఇటాలియన్ భాగంతో కలిసింది. ఆ కలయిక చేదుగా ముగిసింది. 1988లో సోమాలియా సైనిక పాలకుడు సియాద్ బర్రె సైన్యం ఇసాక్‌ల నగరం హర్గీసాను నేలమట్టం చేసింది, ఆ ఊరి విమానాశ్రయం నుంచే లేచిన విమానాలు ఆ ఊరి మీదే బాంబులు వేశాయి. బర్రె కూలాక 1991 మేలో సోమాలిలాండ్ విడిపోతున్నట్టు ప్రకటించింది. ఇసాక్‌లకు ఆ కోరిక ఎందుకు కలిగిందో అర్థం చేసుకోవచ్చు. కానీ కొత్త దేశపు హద్దుగా వాళ్లు చూపింది పాత వలస గీతనే. అందులో తలెహ్ ఉంది. 1998లో సోమాలియా ఈశాన్యాన ఏర్పడిన పుంట్‌లాండ్ రాష్ట్రం రక్తసంబంధం వాదన తెచ్చింది: దుల్బహంతేలు తమలాగే హర్తీ వంశంలో భాగం, కాబట్టి వాళ్ల నేల కూడా తమదేనని.

ఈ ఇద్దరి పాలనా మాకు వద్దన్న మాట తలెహ్‌లోనే గట్టిగా వినిపించింది. 2012 జనవరిలో అక్కడ జరిగిన సభ ఖాతుమో అనే సొంత పాలనను ప్రకటించింది. అది ఎక్కువకాలం నిలదొక్కుకోలేదు. 2022 చివర లాస్ ఆనోద్‌లో ఒక ప్రతిపక్ష నాయకుడి హత్యతో జనం వీధుల్లోకి వచ్చారు. 2023 ఫిబ్రవరిలో గరాద్‌లు, అంటే సంప్రదాయ పెద్దలు, తాము సోమాలియాతోనే ఉంటామని తేల్చిచెప్పారు. యుద్ధం మొదలైంది. ఆసుపత్రి మీద కూడా గుళ్లు పడ్డాయి, లక్షమందికి పైగా ఇళ్లు వదిలారు. ఆగస్టులో సోమాలిలాండ్ సైన్యం వెనక్కి తగ్గింది. అక్టోబరులో మొగదిషు ప్రభుత్వం ఎస్‌ఎస్‌సీ-ఖాతుమో (ఎస్‌ఎస్‌సీ అంటే సూల్, సనాగ్, ఐన్ ప్రాంతాలు) పేరుతో తాత్కాలిక పాలనను గుర్తించింది. 2025లో దాన్ని ఈశాన్య రాష్ట్రంగా ప్రకటించారు. దీన్ని సోమాలిలాండ్ రాజధాని హర్గీసా ఒప్పుకోవడం లేదు, తూర్పు సనాగ్‌ను కూడా ఇందులో కలిపినందుకు పుంట్‌లాండ్‌ కూడా ఒప్పుకోవడం లేదు.