అంకె కన్నా ముందు ప్రశ్న చదవండి

పిల్లలూ,

మన గోదావరి డెల్టా ఇళ్లలో బతుకు ఎలా ఉందో సర్వే డేటాతో చూపిస్తామని రాశారు. చాలా సంతోషం వేసింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ ఫారాలు పట్టుకుని గడప గడపకీ తిరిగినదాన్ని కాబట్టి, మీరు కంప్యూటర్లో ఆ ఫైళ్లు తెరిచేలోపు కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

ఊరంతా తిరక్కుండానే ఊరి సంగతి చెప్పొచ్చని మన దేశానికి చూపించినవాడు గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్. బెంగాల్లో జనపనార సాగును కొన్ని చోట్ల మాత్రమే కొలిచి మొత్తం లెక్కగట్టాడు. దేశమంతటా కొన్ని ఇళ్లనే ఎంచి అడిగే నేషనల్ శాంపిల్ సర్వే 1950లో మొదలైంది, అది ఆయన చలవే. సార్వా కోతలప్పుడు చేలో అయిదు మీటర్ల చదరం కొలిచి, ఆ మేర కోసి, నూర్చి, తూకం వేయడం మీరు చూసే ఉంటారు. ఆ చదరం ఎక్కడ పడాలో రైతూ చెప్పకూడదు, ఆఫీసరూ చెప్పకూడదు. ఇళ్ల సర్వే కూడా అంతే. ఊరు లాటరీలో వస్తుంది, ఆ ఊళ్లో ఇళ్లూ లాటరీలోనే వస్తాయి. “మా పేటలో ఇంతకన్నా లేనివాళ్లున్నారమ్మా, వాళ్లింటికి వెళ్లి రాసుకోండి” అని జనం జాలిగా చెప్పేవారు. మనసు పీకినా వెళ్లకూడదు. వెళితే ఆ లెక్క ఇంకెవరికీ పనికిరాదు.

లాటరీలో వచ్చిన ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ల తరఫున మాట్లాడుతోందో చెప్పే అంకె ఫైల్లో ఉంటుంది, దాన్ని వెయిట్ అంటారు. అది వేయకుండా సగటు తీశారంటే మీ పని మొత్తం వృథా.

ఇక అసలు విషయానికి వస్తాను. ఫైల్లో కనపడే ప్రతి అంకే ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబు. ఆ ప్రశ్నేమిటో, ఎవరిని అడిగారో తెలియకుండా అంకెని నమ్మకండి.

“మీ ఇంట్లో ఎంతమంది?” అన్నదే తీసుకోండి. సర్వేలో ఒక కుటుంబమంటే మామూలుగా ఒక చోట ఉంటూ ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. అన్నదమ్ములు ఒకే పెంకుటింట్లో ఉన్నా వంటలు వేరైతే రెండు కుటుంబాలు. ఇప్పుడు కోనసీమలో కువైట్‌కి ఇంటిపనికి వెళ్లిన తల్లి సంగతి ఆలోచించండి. రెండేళ్లుగా ఆవిడ ఇంట్లో లేదు కాబట్టి జాబితాలో పేరుండదు. ఆవిడ పంపిన డబ్బుతో కొన్న ఫ్రిజ్ ఉంటుంది, పిల్లల ఫీజులుంటాయి. డేటాలో అది కాస్త బాగున్న కుటుంబంగానే కనిపిస్తుంది, తల్లి లేకపోవడం ఏ అంకెలోనూ కనపడదు. ఇలాంటి ఇంటిని పట్టుకోవాలంటే బయటినుంచి వచ్చే డబ్బు గురించి అడిగిన సర్వే వెతకండి. 2007-08 నేషనల్ శాంపిల్ సర్వేలో వలస గురించి, పంపే డబ్బు గురించి అడిగారు.

తిండి లెక్క ఇంకా చిక్కు. బట్టలు, సామాన్లయితే ఏడాది మొత్తం మీద ఎంత ఖర్చయిందని అడుగుతారు. కూరలు, చేపలు, గుడ్లయితే గడిచిన వారం గురించి అడుగుతారు. ఎందుకంటే పది రోజుల కిందట వండిన బొచ్చె ముక్కలు ఎవరికి గుర్తుంటాయి? గడువు మారితే జవాబూ మారుతుంది. 1999-2000 ఇంటి ఖర్చుల సర్వేలో అవే తిండి సరుకుల్ని వారానికీ నెలకీ కూడా కలిపి అడిగారు. దాంతో పేదరికం నిజంగా ఎంత తగ్గిందన్నదాని మీద ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. రెండు వేర్వేరు ఏళ్ల అంకెలు పక్కపక్కన పెట్టేముందు, రెండుసార్లూ ఒకేలా అడిగారా అని తప్పకుండా చూసుకోండి.

పెరట్లో కోసిన ములక్కాడకీ, దింపులో ఇంటికి ఉంచుకున్న కొబ్బరికాయలకీ డబ్బు పెట్టలేదు కదా అని జనం చెప్పరు. మనమే అడిగి, ఊళ్లో అమ్మే ధర కట్టి రాయాలి. ఇంకోటి చూడండి. నాట్లప్పుడు పెద్ద రైతు ఇంట్లో కూలీలకు భోజనాలు పెడతారనుకోండి. ఆ బియ్యం, పప్పు అన్నీ రైతు ఇంటి వాడకంలోకే పోతాయి. కూలి ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు కాబట్టి వాళ్లు తక్కువ తిన్నట్టు ఉంటుంది. ఉన్నవాడు ఇంకా ఎక్కువ తిన్నట్టు, లేనివాడు ఇంకా తక్కువ తిన్నట్టు కనపడటానికి ఇదొక కారణం. అందుకే ఎన్ని పూటలు బయట తిన్నారు, ఎన్ని పూటలు ఇతరులకు పెట్టారు అన్న కాలమ్స్ ఉంటాయి. విద్యార్థులు వాటిని విసుగుతో దాటేస్తారు. మీరు దాటకండి.

2022-23 ఇంటి ఖర్చుల సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లో మనిషికి నెలకు సగటున 3,773 రూపాయల వాడకం, అందులో 46 శాతం తిండికే. ఒక్కో ఇంటి ఖర్చుని ఇంట్లోవాళ్లందరికీ సమానంగా పంచి కట్టిన లెక్క అది. ఇంట్లో ఎవరు ముందు తిన్నారు, ఎవరు అడుగూ బొడుగూ ఊడ్చుకుని తిన్నారు అన్నది అందులో ఉండదు. దానికి వేరే సర్వే కావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 విడతలో వేలి మీద రక్తం చుక్క తీసి పరీక్షించారు. అప్పుడు మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అన్నపూర్ణ అని చెప్పుకునే రాష్ట్రంలో ఆ అంకె నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లను “ఏం పని చేస్తారమ్మా?” అని అడగండి. చేతిలో సూది ఆడుతూనే ఉంటుంది, “ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను” అంటారు. అక్కడితో ఆపేసి రాసుకుంటే ఆవిడ పనిచేయని మనిషి. కార్మిక సర్వేలో, ఏడాదిలో ఎక్కువకాలం చేసిన పని అడిగాక, దాంతోపాటు కనీసం ముప్పై రోజులు ఇంకేమైనా చేశారా అని కూడా రాయాలి. ఓపిగ్గా అడిగితే లేసు అక్కడ బయటపడుతుంది. మీ టేబుల్లో రెండూ కలిపిన లెక్కే వాడండి. 2019 కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. రోజును అరగంట చొప్పున అడగబట్టే అది బయటికొచ్చింది.

అప్పుల గురించి ఒక్క మాట. 2019లో రైతు కుటుంబాల సర్వేలో మన రాష్ట్రంలో 93.2 శాతం కుటుంబాలకు అప్పుందని, సగటున రెండు లక్షల నలభై అయిదు వేలని తేలింది. దేశం సగటు 74,121. దీన్ని చూసి మనమే అందరికన్నా పేదవాళ్లమని రాసేయకండి. అప్పు పుట్టనివాడికి కూడా అప్పు ఉండదు. ఎవరిచ్చారు, వడ్డీ ఎంత అన్నది చూడండి. మన దగ్గర కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది, అందుకే కౌలు రైతుకి బ్యాంకు కన్నా ధాన్యం కమీషన్ వ్యాపారి దగ్గరే సులువుగా అప్పు పుడుతుంది. మీ ప్రాజెక్టులో నిజంగా తవ్వాల్సిన చోటు అదేనని నా అభిప్రాయం.

కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. అంతకుముందు ఫైళ్లలో తూర్పు గోదావరి అని వెతకండి. ఒక్క జిల్లాకి వచ్చే ఇళ్లు చాలా సర్వేల్లో కొద్దిగానే ఉంటాయి, అందుకని పాత రెండు గోదావరి జిల్లాలూ కలిపి చూడండి. గణాంకాల మంత్రిత్వ శాఖ సైట్లో పేరు నమోదు చేసుకుంటే ఫైళ్లు ఉచితంగా వస్తాయి, ఎవరి పేర్లూ వాటిలో ఉండవు. ఫైల్‌తోపాటు అసలు ప్రశ్నల ఫారం కూడా దించుకుని ప్రింట్ తీసుకోండి.

మొదటి టేబుల్ వేయగానే నాకు పంపండి. వెయిట్లు వేశారో లేదో చూసి చెబుతాను.

మీ అమ్మమ్మ
పాలకొల్లు