ఆగస్టు 10 ప్రార్థనల వెనుక ఉన్న చరిత్ర

ఏటా ఆగస్టు 10న దళిత క్రైస్తవ సంఘాలు చాలాచోట్ల నల్ల బ్యాడ్జీలు పెట్టుకుని ప్రార్థన కూటాలు జరుపుతాయి. కొన్ని ఊళ్లలో కూటం ముగిశాక కలెక్టరేటుకు వెళ్లి వినతిపత్రం ఇస్తారు. 1950లో అదే తేదీన వెలువడిన షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వే ఇందుకు కారణం. హిందూమతం కాక వేరే మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డు కులానికి చెందినట్టుగా పరిగణించరాదని అందులోని 3వ పేరా చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ పేరాను సవరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు సవరించలేదు.

దేవుడికి మొర, సర్కారుకు అర్జీ రెండూ ఒకే రోజు ఏమిటని సంఘాల్లోనే కొందరు అడుగుతుంటారు. ప్రార్థన చేసేవాళ్లకు ధర్నాలతో పనేమిటన్నది వాళ్ల ప్రశ్న. తెలుగు నేల మీద ఈ రెండూ మొదటి నుంచీ కలిసే నడిచాయి. ఒంగోలు చరిత్ర అందుకు సాక్ష్యం.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది, 1840లో నెల్లూరులో స్థిరపడింది. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. డబ్బు దండగ, మూసేద్దామని అమెరికాలోని మిషన్ పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చించారు. 1853లో అలాంటి చర్చ జరిగినప్పుడే ఈ మిషన్‌కు ‘లోన్ స్టార్’ (ఒంటరి నక్షత్రం) అన్న పేరు వచ్చింది. మూతపడుతుందో లేదో తెలియని ఆ రోజుల్లో, 1854 జనవరి 1 తెల్లవారుజామున, మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే వ్యక్తి, జూలియా, రూతు ఒంగోలు పక్కనున్న కొండెక్కారు. ఉన్నది ఐదుగురు. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. అడిగింది ఒకటే: ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని. ఆ కొండనే ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నారు. అడిగిన మనిషి రావడానికి 12 ఏళ్లు పట్టింది. 1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ అంతకుముందు అమెరికా ప్రభుత్వం కింద భూముల సర్వే చేసినవాడు. ఆ అనుభవం తర్వాత కరువులో పనికొచ్చింది.

క్లౌ కోరుకున్నది అగ్రవర్ణాలవారిని. వారిలో కొందరు ఆసక్తి చూపారు కూడా. కానీ ముందుగా వచ్చినవాడు తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. 1867 జనవరి 1న 8 మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి చింతతోపులో మకాం వేస్తే, జనం తిండి, మార్చుకునే బట్టలు మూటగట్టుకుని వచ్చారు. 28 మంది బాప్తిస్మం పొందారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పెద్ద కులాలవారు తేల్చిచెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ ప్రార్థనలో కూర్చుని బైబిలు తెరిస్తే 1 కొరింథీయులకు మొదటి అధ్యాయం 26వ వచనం కనబడింది. గొప్ప వంశంవారు అనేకులు పిలువబడలేదని, నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం అది. పక్క గదిలో ఆయన భార్య హ్యారియెట్ కూడా అదే భాగం తెరిచిందని ఆ కుటుంబం చెప్పిన సంగతి. పల్లె నుంచి వచ్చినవాళ్లను కాదనకూడదని ఆ రోజే తేలిపోయింది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. చేరినవాళ్లకు పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. వినడానికి మతపరమైన నియమాలే. ఊరి కట్టడిలో మాత్రం ఇవి మూడు చోట్ల తగిలాయి. మోటబావికి తోలు బొక్కెన కుట్టాలన్నా, రైతుకు చెప్పులు కావాలన్నా, చచ్చిన గొడ్డును ఊరవతలికి ఈడ్వాలన్నా, జాతరలో డప్పు కొట్టాలన్నా మాదిగే రావాలి. ప్రతిఫలంగా కళ్లంలో ఇంత గింజ. ఆదివారం రానంటే వ్యవసాయపు పని ఆగింది, జాతరకు రానంటే ఊరి దేవతకు అవమానమైంది. పెద్దలు తిరగబడ్డారు. నీళ్లు బంద్ చేశారు, కూలి ఆపేశారు, చాకలిని రానివ్వలేదు, దొంగకేసులు పెట్టించారు. అప్పట్లో సంఘాలు చేసిన ప్రార్థనలు మోక్షం గురించి ఎంతో, బావి గురించీ అంతే. క్లౌ కూడా ప్రార్థనతో సరిపెట్టలేదు. అధికారులకు ఉత్తరాలు రాశాడు. చెప్పులు, బొక్కెనలు కుట్టిస్తాం, ఆదివారం మాత్రం అడగవద్దని రైతులతో మాట్లాడాడు.

1876-78 కరువులో ఆకలి ఊళ్లను తుడిచిపెట్టింది. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెడితే, క్లౌ మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు మట్టి కొలతలు, కూలి లెక్కలు; రాత్రి పాకల దగ్గర వాక్యం, ప్రార్థన. “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి” అన్న వచనాన్ని ఆ శిబిరంలో జనం మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నారట. రోజంతా మట్టితట్ట మోసినవాడికి ఆ మాట ఎలా వినబడి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ 15 నెలలూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గింజల కోసం చేరారన్న మాట రాకూడదని పట్టుబట్టాడు. సహాయం ఆగిపోయాక కూడా జనం వదల్లేదు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 2వ తేదీన 614, 3న 2,222, 4న 700, మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి, ఇద్దరు అలసిపోతే మరో ఇద్దరు అందుకుని ఇచ్చారు. ‘బియ్యం క్రైస్తవులు’ అన్న నింద ఇప్పటికీ వినబడుతుంది కాబట్టి ఆ 15 నెలల సంగతి గట్టిగా చెప్పాలి.

చేరినవాళ్ల కులం మాత్రం ఊరి కంటిలో మారలేదు. చట్టం ఇంకో రకంగా చూసింది. 1936 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వే భారతీయ క్రైస్తవుణ్ణి జాబితా నుంచి మినహాయించింది, 1950 ఉత్తర్వు దాన్నే కొనసాగించింది. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని మన రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి వర్గంలో చేర్చారు. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంటే అక్కడ 1 శాతం. రిజర్వుడు నియోజకవర్గంలో పోటీకి వీల్లేదు. అట్రాసిటీల చట్టం రక్షణా అందదు. దాడి చేసేవాడు కులం చూసే చేస్తాడు, కేసు దగ్గరికి వచ్చేసరికి మతం అడ్డొస్తుంది. అన్యాయం ఇక్కడే ఉంది.

మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఒక క్రైస్తవుడికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బంకు దక్కలేదు. పక్కనే అదే పని చేసే హిందూ ఆది ద్రావిడులకు దక్కింది. సూసై అనే ఆ మనిషి వేసిందే సూసై కేసు. మతం మారాక కూడా కులపు వెనుకబాటు అంతే తీవ్రంగా ఉందని ఆధారాలతో చూపాలని 1985లో సుప్రీంకోర్టు చెప్పి కొట్టేసింది. 2004లో 3వ పేరానే సవాలు చేస్తూ వ్యాజ్యం పడింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరాను తీసేయమంది. 2022 అక్టోబరులో కేంద్రం ఈ విషయం పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది.

ఇక కూటం సంగతి. బైబిలులోని 150 కీర్తనల్లో సుమారు మూడోవంతు విలాపాలు. వాటిలో 13వ కీర్తన చిన్నది, ఆరే వచనాలు. మొదటి రెండింటిలో ‘ఎంతకాలం’ అన్న ప్రశ్న నాలుగుసార్లు, తర్వాతి రెండింటిలో విన్నపం, చివరి రెండింటిలో నమ్మకం. కూటాల్లో తరచూ జరిగే పొరపాటేమిటంటే మొదటి రెండు వచనాలను దాటేసి నేరుగా స్తుతిలోకి వెళ్లిపోవడం. ఫిర్యాదు చేస్తే అవిశ్వాసమనుకుంటారు. ఫిర్యాదే చెప్పనప్పుడు విన్నపం ‘అధికారుల కొరకు ప్రార్థిద్దాం’ అన్న ఒక్క మాటతో తేలిపోతుంది, జనం ఎవరి కోసం, దేనికోసం మోకరించారో వాళ్లకే తెలియదు. గంటన్నర కూటమైతే అరగంట ఫిర్యాదుకే కేటాయించాలి. 3వ పేరాను తెలుగులో గట్టిగా చదవాలి. ఆ ఏడాది తమ మండలంలో ఆగిన స్కాలర్‌షిప్పు, నమోదు కాని కేసు ఒక్కొక్కటీ చెప్పి, ఒక్కోదానికి ఒకరు ప్రార్థించాలి. 44, 74, 79, 80 కీర్తనలు సమూహం చేసే మొరలు, వంతులవారీగా చదవడానికి బాగుంటాయి. 88 మాత్రం చీకట్లోనే ముగుస్తుంది. దానికి ఆశను అతికించకుండా అలాగే చదివి కాసేపు మౌనంగా ఉండాలి.

సాక్ష్యాల దగ్గర జాగ్రత్త అవసరం. సంఘం రిజిస్టరులో ఒక పేరు, కుల ధ్రువపత్రంలో ‘హిందూ-మాదిగ’ లేదా ‘హిందూ-మాల’ అని ఇంకో పేరు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లను వేదిక మీద పేరుపెట్టి పిలిచినా, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టినా ఉద్యోగం, చదువు ప్రమాదంలో పడతాయి. సమస్య చెప్పాలి, పేరు చెప్పకూడదు. వాళ్లను రెండు పేర్లతో బతకమన్నది ఆ ఉత్తర్వే కాబట్టి మోసగాళ్లని పాస్టర్లు అనడం తప్పు.

బైబిలులోని నెహెమ్యా గ్రంథం మొదటి అధ్యాయాన్ని ఆ రోజు విడవకుండా చదవాలి. యెరూషలేము గోడలు కూలాయని విని అతడు ఏడ్చి, ఉపవాసముండి, ‘మేము పాపము చేసితిమి’ అని ఒప్పుకుంటాడు. మన సంఘాలు తప్పించుకునే భాగం ఇదే. మాల సంఘం వేరు, మాదిగ సంఘం వేరు, కొన్ని ఊళ్లలో సమాధుల స్థలాలూ వేరు. వివక్ష చూపే ఉత్తర్వు మీద మొర పెట్టేవాళ్లు తమ సంఘంలోని కులం గురించి నోరెత్తకపోతే ఆ ప్రార్థన సగమే. అందుకే రెండు సంఘాలూ కలిసి ఒకే చోట కూటం పెట్టుకుంటే మంచిది, వంతుల మీద అయినా సరే.

రెండో అధ్యాయంలో నెహెమ్యా పర్షియా రాజు ముందు నిలబడి, ఆకాశమందలి దేవునికి ప్రార్థించి, వెంటనే అధిపతులకు ఉత్తరాలు, గుమ్మాలకు మ్రానులు అడుగుతాడు. అడిగేది స్పష్టంగా ఉండాలి. వినతిపత్రం ఒక పేజీ దాటకూడదు: ఉత్తర్వు పేరు, 3వ పేరా, శాసనసభ తీర్మానం తేదీ, తమ మండలంలోని రెండు మూడు ఉదాహరణలు, కోరిక. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ, ఆఫీసు ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే అర్జీ ఇచ్చినట్టు తర్వాత చూపడం కష్టం. ఆ ప్రతిని సంఘం ఫైలులో పెడితే, మరుసటి ఏడు ఫిర్యాదు భాగంలో ముందు దాన్నే చదవొచ్చు.